హౌగెన్ ఇంటి గాలికన్ను

హౌగెన్ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది గున్‌వోర్. లేవగానే బూడిద కింద దాచిన నిప్పుల్ని కెలికి, నాలుగు పుల్లలు పేర్చి ఊది, మంట అందుకోగానే నడుం మీద చెయ్యేసుకుని నిలబడి గడ పట్టుకునేది. గడంటే మరేం లేదు. పైకప్పులో పొగ పోవడానికి చేసిన కంతకి ఒక మూత ఉంటుంది, ఆ మూతకి కట్టి ఇంటి నడిమధ్యకి వేలాడే పొడుగాటి కర్ర. పైకి తోస్తే మూత తెరుచుకుంటుంది, లాగితే మూసుకుంటుంది. ఇంటి మొత్తానికీ ఉన్న కంత అదొక్కటే. పొగ పోవాలన్నా, వెలుగు రావాలన్నా, బయట వానో ఎండో తెలియాలన్నా అదే దిక్కు. గోడకి కూడా కంత పెట్టొచ్చన్న ఆలోచన అప్పటికి ఈ ఒడ్డున ఎవరికీ రాలేదు.

మూత తెరవగానే ఆకాశం కనపడేది కాదు. ముందు కన్ను వచ్చేది.

జావకుండ మూతంత కన్ను. బూడిద రంగు, అంచుల్లో కాస్త నీలం. అది గాలిది. వచ్చి కంత నిండా ఆగి, లోపలున్న మంచాల్నీ మనుషుల్నీ మగ్గాన్నీ వాసానికి వేలాడే ఎండుచేపల్నీ ఓసారి కలయజూసి, పొగ తగిలి నీళ్ళు కార్చేది. ఆ నీళ్ళు సరిగ్గా పొయ్యి మీది బార్లీ జావలో పడేవి. సముద్రం మీంచి వచ్చిన గాలి కదా, ఉప్పగా ఉండేవి. అందుకని గున్‌వోర్ ముందు పైకి చూసుకుని తర్వాతే ఉప్పు వేసేది.

"ఇవాళ చాలాసేపు చూసిందే. చిటికెడు చాలు" అనేది కూతురు ఓస్నెతో.

కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఆ సముద్రపు పాయకి అటూ ఇటూ పదకొండు ఇళ్ళున్నాయి. పదకొండింట్లోనూ పొద్దున్నే ఇదే తంతు. గాలికి ఒకటే కన్నయినా ఇంటింటికీ వచ్చేది, ఎలా వచ్చేదో ఎవరూ అడగలేదు. పైగా ఆ కన్నులో గాలి ఆ పొద్దున చూసొచ్చినవన్నీ కనపడేవి. ఎవరి తెరచాప ఎక్కడుందో, ఎవరి గొర్రెలు ఎవరి గడ్డిలో పడ్డాయో, పాయ మొగదల తిమింగలం వీపు తేలిందో లేదో, జావ ఉడికేలోపు చూసేసేవాళ్ళు. కాకపోతే కదిలేవే కనపడేవి. కదలకుండా కూర్చున్నవి గాలికి ఆనవు. నిన్నటివి ఇవాళ ఉండవు. ఎక్కడా ఒక్క క్షణం కుదురుగా నిలబడనిదానికి జ్ఞాపకం మాత్రం ఏం నిలుస్తుంది చెప్పండి.

ఆ ఇంట్లో ఒక్క మనిషి మాత్రం పైకి చూసేవాడు కాదు. గున్‌వోర్ మొగుడు తోర్లైవ్. మెడ వంచుకుని లేచి, మెడ వంచుకుని జావ తాగి, మెడ వంచుకుని బయటికి పోయేవాడు. రెండేళ్ళయింది. అంతకు ముందు పాయలో అందరికన్నా ముందు కన్నులో చేపల జాడ పట్టేది ఆయనే. రెండేళ్ళ కిందట హెర్రింగ్ చేపల కాలంలో కొడుకు హల్వార్ పడవెక్కి వెళ్ళి తుఫానులో చిక్కి తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి ఆ కప్పు కింద గాలి అన్న మాట ఎవరూ అనకూడదన్నాడు తోర్లైవ్. తలుపు కొట్టుకుంటే "బయటివాడు వచ్చాడు" అనేవాళ్ళు. కన్నుని "పైనున్నది" అనేవాళ్ళు. పక్కిళ్ళవాళ్ళు కూడా ఆ ఇంటికొస్తే ఆ మాట మింగేసేవాళ్ళు, పాపం, కొడుకు పోయిన ఇల్లు కదా అని.

హల్వార్ ఒక్కడే వెళ్ళలేదు. ఆ నాలుగు తెడ్ల పడవలో రెండో మనిషి ఆస్లాక్. పాయకి ఆవలి ఒడ్డున స్కోర్ అనే చోట తల్లితో, మేకలతో ఉంటాడు. తుఫాను ఆగాక మూడో రోజున, బోల్తాపడ్డ పడవ అడుగుని పట్టుకుని కొనప్రాణంతో దొరికాడు. లేచి నడవగలిగిన రోజే హౌగెన్ ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు, నోరు తెరిచాడు, గొంతు కదిలింది, మాట రాలేదు. చాలాసేపు అలాగే నిలబడి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మనుషులతో ఒక్క మాట మాట్లాడిందెవరూ వినలేదు. మేకలతో మాత్రం గలగలా మాట్లాడతాడని వాళ్ళమ్మ చెప్పుకుని ఏడ్చేది.

"ఇద్దరు వెళ్ళారు, ఒక్కడొచ్చాడు" అనేవాడు తోర్లైవ్. "నా కొడుకు ఎలా పోయాడురా అంటే నోరు విప్పడు. చెయ్యి వదిలేసి ఉంటాడు. కాకపోతే చెప్పడానికేం?"

ఆ మాట వినగానే ఓస్నె గిన్నెలు తీసుకుని బయటికి పోయేది. ఆ తుఫానుకి ముందు రెండు వేసవులు ఆమె ఆవుల్ని తోలుకుని కొండ మీది మేత పాకలో ఉన్నప్పుడు, ఆవలి కొండ మీంచి ఆస్లాక్ పాటకి ఆమె పాటతో బదులిచ్చిన సంగతి ఆవులతో సహా అందరికీ తెలుసు. ఇప్పుడతను పాడడు. స్కోర్ ఒడ్డున ఒక రాతి మీద కూర్చుని, ఇవతలి పొగకంతలోంచి లేచే పొగని చూస్తుంటాడు. కదలకుండా కూర్చుంటాడు కాబట్టి పైనున్నదానికి కనపడడు. ఓస్నెకి మాత్రం కనపడేవాడు. పొయ్యిలో పచ్చి కట్టె ఒకటి ఎక్కువ పెట్టేది, పొగ బాగా వస్తుందని.

ఇలా ఉండగా కోల్బేన్ కబురు పెట్టాడు, శనివారం వస్తున్నానని. పాయ మొగదల పెద్ద కమతం అతనిది, ఇరవై ఆవులు, భార్య పోయి మూడేళ్ళయింది. తాగడు, అరవడు, పనివాళ్ళకి కడుపునిండా పెడతాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కాదనడం తేలికయ్యేది.

"నాకొద్దు నాన్నా" అంది ఓస్నె.

"ఎందుకొద్దో చెప్పు. వంకరా, కుంటా, పిసినారా?"

"అవేం కాదు. నేను ఇంకొకరి కోసం కాచుకుని ఉన్నాను."

"ఆ పేరు ఈ కప్పు కింద ఎత్తకు" అన్నాడు తోర్లైవ్. "శనివారం అతను గడ పట్టుకుంటాడు, అడుగుతాడు, నేను జావ పోస్తాను. అంతే."

గడ పట్టుకోవడమంటే చెప్పాలి. పిల్లనడగడానికి వచ్చినవాడు గుమ్మంలో వానల గురించీ పంటల గురించీ మాట్లాడుతూ కూర్చోకూడదు. నేరుగా లోపలికొచ్చి, కన్ను చూస్తుండగా గడ పట్టుకుని తన మాట చెప్పాలి. అతను నోరు విప్పేదాకా ఆ కప్పు కింద ఎవరూ మాట్లాడకూడదు, అతనికి తిండీ నీళ్ళూ ఇవ్వకూడదు. మాట చెప్పకుండా చెయ్యి వదిలితే ఆ గడప మళ్ళీ తొక్కకూడదు. ఇంటివాళ్ళలో ఎవరైనా తొందరపడి ముందు నోరు జారారో, ఆ ఇంటి పిల్లని అడగడానికి ఇంకెవరూ రారు. చెప్పిన మాట నచ్చితే తండ్రి లేచి గిన్నెలో జావ పోసి చేతికిస్తాడు. నచ్చకపోతే తలుపు తీస్తాడు. తోర్లైవ్ తన కాలంలో గున్‌వోర్ కోసం గడ పట్టుకున్నప్పుడు పది లెక్కపెట్టేలోపు అడిగేశాడు. అంతకన్నా ఆలస్యం చేసినవాడు పాయలో ఎవడూ లేడు.

గురువారం పొద్దున గున్‌వోర్ మూత తెరిచింది, కన్ను వచ్చింది, జావ పొంగు మీదుంది. అప్పుడు తలుపు తోసుకుని ఆస్లాక్ వచ్చాడు. మోకాళ్ళ దాకా తడి, చేతుల్లో తెడ్లు వేసిన ఎరుపు. ఎవరి వైపూ చూడలేదు. నేరుగా ఇంటి మధ్యకి నడిచి, కుడిచేత్తో గడ పట్టుకున్నాడు.

తోర్లైవ్ చేతిలోని చెంచా గిన్నెలో పడింది. నోరు తెరవబోయి, గుర్తొచ్చి, మూసుకున్నాడు. తోర్లైవ్ అక్క హెర్బోర్గ్ ఆ ఇంట్లోనే ఉంటుంది, నిద్రలో కూడా మాట్లాడే మనిషి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఓస్నె లేచి నిలబడింది. అందరూ ఆస్లాక్ నోటి వైపు చూస్తున్నారు. అతని పెదాలు కదిలాయి, మెడ నరాలు ఉబ్బాయి, ఊపిరి పీల్చాడు, వదిలాడు. మాట మాత్రం రాలేదు.

పది కాదు, పది వందలు లెక్కపెట్టినా రాలేదు. జావ అడుగంటింది.

ఇంట్లో మాట్లాడకూడదు కాబట్టి అందరూ ఒక్కొక్కరే బయటికి జారి పశువుల కొట్టంలో చేరారు. అక్కడైతే కప్పు వేరు.

"తమ్ముడూ, ఇంకాసేపు మాట్లాడకపోతే నేను చచ్చిపోయేదాన్ని" అంది హెర్బోర్గ్ ఆవు వీపు మీద చెయ్యేసి ఊపిరి పీల్చుకుంటూ. "ఏం ధైర్యం వాడికి. నోట్లో మాట లేనివాడు మాట చెప్పడానికి రావడమేమిటి, చోద్యం కాకపోతే."

"ఎంతసేపుంటాడు?" అన్నాడు తోర్లైవ్. "సాయంత్రం లోపు కాళ్ళు పీకుతాయి. చెయ్యి వదిలి పోతాడు. పీడా పోతుంది."

"వదలడు నాన్నా" అంది ఓస్నె.

"నీకు బాగా తెలుసు."

"తెలుసు. అతను వదిలే మనిషి కాదు."

"సముద్రంలో వదిలాడుగా."

ఓస్నె తండ్రి మొహంలోకి చూసింది. చెంబు తీసుకుని ఆవు దగ్గర కూర్చుంది. గున్‌వోర్ కళ్ళు తుడుచుకుంటూ, "నువ్వా మాట అనకుండా ఉండాల్సింది" అంది మొగుడితో.

"అతను తినేదాకా నేనూ తినను" అంది ఓస్నె పాలు పితుకుతూనే.

"తినకపోతే పాలు పితికేదెవరే?" అంది హెర్బోర్గ్. "తిను, నా తల్లే. తిని కాచుకో. కాచుకోవడానికి బలం కావాలి."

సాయంత్రమైంది. ఆస్లాక్ వదల్లేదు. రాత్రి నిప్పులు ఆరాక మూత మూసి వెచ్చదనం నిలుపుకోవాలి, కానీ గడ అతని చేతిలో ఉంది. మూత తెరిచే ఉంది. అందరూ గొర్రెతోళ్ళు కప్పుకుని చలికి ముడుచుకుని పడుకున్నారు. తెల్లారి లేచేసరికి అతను అలాగే నిలబడి ఉన్నాడు, గడకి తల ఆనించి, వేళ్ళు బిగించి.

కన్ను కూడా అలాగే ఉంది.

అది గున్‌వోర్ ముందు గమనించింది. ఎప్పుడూ జావ ఉడికేలోపు వెళ్ళిపోయేది. రాత్రంతా ఎక్కడికీ పోలేదు. రెప్ప వెయ్యకుండా ఆస్లాక్‌నే చూస్తోంది. అందులో పడవలూ గొర్రెలూ ఏమీ లేవు. తనూ కదలకుండా ఆగింది కాబట్టి కదలనివాడూ దానికి ఆనాడు, గడ పట్టుకున్న ఆ మనిషొక్కడే ఉన్నాడు.

ఓస్నె బయటికి వెళ్ళి చూసి, చాలాసేపు గుమ్మంలోనే నిలబడిపోయింది. పాయ కదలడం లేదు. నీళ్ళ మీద ఒక్క ముడత లేదు. కొండ మీద బర్చ్ చెట్ల పసుపు ఆకులు రాలాల్సినవి రాలకుండా కొమ్మలకే ఉన్నాయి. పదకొండు ఇళ్ళ పొగలూ నిటారుగా పైకి లేచి, ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాయి. ఒక తెరచాప పడవ పాయ నడుమ ఆగిపోయి ఉంది, అందులో మనుషులు నిలబడి ఇటే చూస్తున్నారు. చప్పుడు లేదు. పుట్టి బుద్ధెరిగాక గాలి లేని పొద్దు ఆమె చూడలేదు. ఆమే కాదు, ఎవరూ చూడలేదు. 

మధ్యాహ్నానికి పక్కిళ్ళవాళ్ళు వచ్చేశారు. ఎవరూ లోపలికి రాలేదు, పెరట్లో నిలబడ్డారు.

"మా కంతలో నిన్నటి నుంచి ఉత్త ఆకాశమే ఉంది" అంది పై ఇంటి ముసలమ్మ మెల్లగా. "పైనున్నది రాలేదు. జావలో ఉప్పు ఎంత వెయ్యాలో తెలియక చప్పిడి తాగాం."

"మాకూ రాలేదు."

"మాకూ అంతే. ఇక్కడుందా?"

"ఇక్కడే ఉంది" అంది హెర్బోర్గ్. "మొత్తం ఇక్కడే ఉంది. కుర్రాడు కదలడు, అదీ కదలదు. ఇద్దరి మధ్యా మా నోళ్ళు పడిపోయాయి."

ఒకరిద్దరు నవ్వబోయారు, నవ్వు రాలేదు. మగవాళ్ళు టోపీలు తీసి చేత్తో పట్టుకున్నారు. పడవల్ని తోసేదీ ముంచేదీ, గడ్డివాముల్ని లేపుకుపోయేదీ, తాతముత్తాతల కాలం నుంచీ ఒక్క పూట ఆగి ఎరగనిదీ, ఒక మూగవాడి మాట వినడానికి ఆ మట్టికప్పు మీద ఆగి ఉంది. ఆ సంగతి అందరికీ అర్థమయింది, నోటితో ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రం ఓస్నె పొయ్యి దగ్గరికి వెళ్తుంటే పైనుంచి ఒక చుక్క ఆమె మణికట్టు మీద పడింది. అలవాటుగా నాకి చూసింది. ఉప్పు లేదు. కొండ ఊటనీళ్ళలా చల్లగా, తియ్యగా ఉంది. తలెత్తి చూసింది. కన్నులోంచి ఒక్కో చుక్కా జారి, గడ వెంట కిందికి దిగి, ఆస్లాక్ పెదాల మీద పడుతోంది. ఇంటివాళ్ళు నీళ్ళివ్వకూడదు. గాలికి ఆ నియమం లేదు. ఓస్నె గోడవైపు తిరిగి గొంతు బయటికి రాకుండా ఏడ్చింది.

తోర్లైవ్ కూడా ఆ చుక్కల్ని చూశాడు. నేల మీద పడ్డ తడినే చూశాడు, పైకి చూడలేదు.

శనివారం పొద్దున కోల్బేన్ వచ్చాడు. తెరచాప పనిచెయ్యక తెల్లారకముందే బయలుదేరి, ఇద్దరు పనివాళ్ళతో కలిసి తనూ తెడ్డు వేసుకుంటూ వచ్చాడు. శనివారం స్నానాల రోజు, చీకటితోనే తలంటుకుని, కొత్త నీలం చొక్కా వేసుకుని వచ్చాడు, పాపం, చెమటకి తడిసి ముద్దయింది. పెరట్లో అంతమందిని చూసి ఏమిటని అడిగాడు. చెప్పారు.

"మూడు రోజులుగానా?" అన్నాడు.

"గురువారం పొద్దున్నుంచి."

కోల్బేన్ ఇంకేమీ అడగలేదు. టోపీ తీసి, తల వంచి, లోపలికి వచ్చి, బల్ల చివర కూర్చున్నాడు.  గడ ఖాళీ అయ్యేదాకా ఆగాలి కదా, ఆగాడు.

ఆస్లాక్ మొహం బూడిదలా ఉంది. మోకాళ్ళు వణుకుతున్నాయి. ఇంకాసేపట్లో పడిపోతాడని అందరికీ తెలుస్తోంది. పడితే చెయ్యి వదిలినట్టే. తర్వాత కోల్బేన్ లేస్తాడు, గడ పట్టుకుంటాడు, అడుగుతాడు. తోర్లైవ్ జావ గరిటె ఒళ్ళో పెట్టుకుని, నేల చూస్తూ కూర్చున్నాడు. ఓస్నె వెళ్ళి ఆస్లాక్ ఎదురుగా నిలబడింది. మాట్లాడకూడదు, తాకకూడదు. నిలబడకూడదని ఎవరూ అనలేదు.

ఆస్లాక్ ఆమెని చూశాడు. తర్వాత తల వెనక్కి వంచి పైకి చూశాడు. అతనికి చెప్పాల్సింది చాలా ఉంది. హల్వార్ ఎలా పోయాడో చెప్పాలి. తను వదల్లేదని చెప్పాలి. ఓస్నెని అడగాలి. అవన్నీ రెండేళ్ళుగా గొంతులో అడ్డంపడి ఉన్నాయి, ఒకదాన్ని లాగితే అన్నీ వస్తాయని భయం. ఉన్న ఊపిరికి రెండే మాటలు పడతాయి. తను చెప్పలేనిదంతా చూసిన సాక్షి ఒకటుంది. ఆ సాక్షినే పిలిచాడు. రెండు మాటల మధ్య ఆగితే రెండోది రాదేమోనని ఎడం లేకుండా ఒకటే మాటగా అనేశాడు.

"విన్‌దౌగ."

వాళ్ళ మాటల్లో విన్ద్ అంటే గాలి, ఔగ అంటే కన్ను, కలిపితే గాలికన్ను. గొంతు బొంగురుపోయి ఉన్నా ఇంట్లో అందరికీ వినపడింది. బయటివాళ్ళకీ వినపడింది. అంతవరకూ దానికి పేరు లేదు. పైగా అందులో ఉన్న గాలి అన్న మాట రెండేళ్ళుగా ఆ కప్పు కింద ఎవరూ అననిది, అనకూడనిది.

తోర్లైవ్ ఒళ్ళు మండిపోయింది. గరిటె విసిరేసి లేచాడు. "నా ఇంట్లో ఆ మాట" అంటూ, ఆ కోపంలో, తనకి తెలియకుండానే తలెత్తి పైకి చూశాడు.

చూసి, అలాగే ఉండిపోయాడు.

మూడు రోజులు ఆగింది కాబట్టి గాలికి జ్ఞాపకమొచ్చింది. కన్ను నిండా సముద్రం ఉంది, రెండేళ్ళ కిందటి సముద్రం. బోల్తాపడ్డ పడవ. దాని అడుగు మీద బోర్లా పడుకుని ఆస్లాక్. కుడిచెయ్యి నీళ్ళలోకి చాచి ఉంది, ఆ చేతిలో హల్వార్ చెయ్యి. కెరటం వచ్చి కప్పేసింది, పోయింది. చెయ్యి అలాగే ఉంది. కన్నులో పగలు పోయింది, చీకటి పడింది, మళ్ళీ తెల్లారింది. చెయ్యి అలాగే ఉంది. ప్రతి కెరటానికీ ఆస్లాక్ పడవ మీంచి జానెడు కిందికి జారుతున్నాడు, మళ్ళీ ఎగబాకుతున్నాడు, ఆ చేతిని మాత్రం వదలడం లేదు. ఇంకో రెండు కెరటాలొస్తే ఇద్దరూ పోతారు. అది హల్వార్ చూశాడు. నవ్వి ఏదో అన్నాడు, కన్నులో మాట వినపడదు. తర్వాత రెండో చెయ్యి నీళ్ళలోంచి పైకి తెచ్చి, ఆస్లాక్ వేళ్ళని ఒక్కొక్కటీ తీశాడు. చిటికెన వేలు ముందు. తర్వాత దాని పక్కది. తర్వాత మధ్యది. తొందర లేకుండా తీశాడు. చివరికి బొటనవేలు తీశాడు.

తర్వాత నీళ్ళే ఉన్నాయి. ఖాళీ చెయ్యి చాచి, వేళ్ళు బిగించి, ఆస్లాక్ పడవ మీద అలాగే పడి ఉన్నాడు.

 గున్‌వోర్ నేల మీద కూలబడింది. హెర్బోర్గ్ ఆమెని పట్టుకుంది. కోల్బేన్ తన చేతుల వైపు చూసుకుంటున్నాడు.

తోర్లైవ్ ఆస్లాక్ దగ్గరికి నడిచాడు. 

"నువ్వు వదల్లేదు" అన్నాడు.

ఆస్లాక్ తల అడ్డంగా ఊపాడు.

"నేను రెండేళ్ళు" అన్నాడు తోర్లైవ్. "రెండేళ్ళు నిన్ను తిట్టుకున్నాను నాయనా. తప్పు నాది."

మాట చెప్పడం అయిపోయింది, ఇక గడ వదలొచ్చు. ఆస్లాక్ చెయ్యి వదలాలని చూశాడు. రాలేదు. వేళ్ళు కర్రకి అతుక్కుపోయి ఉన్నాయి, అవి అతని మాట వినడం లేదు. తోర్లైవ్ తన రెండు చేతులతో ఆ చేతిని పట్టుకున్నాడు. చిటికెన వేలు ముందు తీశాడు. తర్వాత దాని పక్కది. తర్వాత మధ్యది. కొడుకు తీసినట్టే తొందర లేకుండా ఒక్కొక్కటీ తీసి, చివరికి బొటనవేలు తీసి, ఆ చెయ్యి కిందపడకుండా తన చేతుల్లోనే పెట్టుకున్నాడు.

"ఇక చాలు. ఇక వదులు" అన్నాడు.

అప్పుడు ఆస్లాక్ ఏడ్చాడు. ఆ ఇంట్లో ఏడవనివాళ్ళు ఎవరూ లేరు, కోల్బేన్‌తో సహా.

తోర్లైవ్ వెళ్ళి గరిటె వెతికి తెచ్చి, కుండలోని జావ గిన్నెలో పోసి, రెండు చేతులతో పట్టుకుని తెచ్చాడు. ఆస్లాక్ కుడిచెయ్యి ఇంకా ముడుచుకోవడం లేదు, అందుకని గిన్నె ఓస్నె చేతికిచ్చాడు. ఓస్నె అతనికి పట్టింది, అతను తాగాక మిగిలింది తను తాగింది. పాయలో అప్పటి నుంచి పెళ్ళి జావ అలాగే తాగుతారు.

కోల్బేన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "నేను మీ కోడెదూడ బేరానికొచ్చాను తోర్లైవ్" అన్నాడు. "ఇవాళ మీకు పనులున్నట్టున్నాయి. ఇంకోసారి వస్తాలే."

"కోడెదూడ నీదే. ఎప్పుడైనా తోలుకుపో" అన్నాడు తోర్లైవ్.

"ఉత్తినే తీసుకోను."

"ఉత్తినే ఎవడిస్తాడు?" అంది హెర్బోర్గ్. మూడు రోజుల తర్వాత ఆ కప్పు కింద ఆమె అన్న మొదటి మాట అది.

కోల్బేన్ పడవ దగ్గరికి వెళ్ళేసరికి కంతలో కన్ను రెప్ప వేసింది. బర్చ్ ఆకులన్నీ ఒక్కసారిగా రాలాయి, నిలబడ్డ పొగలన్నీ వంగాయి, పాయ మీద ముడతలు పరిగెత్తాయి. అతను తెరచాప ఎత్తాడు. తెడ్డు ముట్టుకునే పని లేకుండా గాలి అతన్ని వాళ్ళింటి గుమ్మం దాకా దింపింది.

ఆస్లాక్‌కి మాటలు ఒక్కసారిగా రాలేదు. రోజుకి రెండు, మూడు. ఆ చలికాలమంతా పొయ్యి దగ్గర కూర్చుని వాటిని కూడబలుక్కునేవాడు, రెండు మాటలు కలిపి ఒకటిగా అనేవాడు, తొందర్లో. హల్వార్ నవ్వి ఏమన్నాడో అతను చెప్పగలిగేసరికి మంచు కరిగే కాలం వచ్చింది. గున్‌వోర్ కుండ కలుపుతుండగా చెప్పాడు.

"అమ్మతో చెప్పు" అన్నాడట హల్వార్ నోటినిండా సముద్రంతో. "ఇవాళ ఉప్పు ఎక్కువైందని."

గున్‌వోర్ గరిటె పట్టుకుని నిలబడి పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే తలగుడ్డ అంచుతో మొహం కప్పుకుంది.

ఆ ఏడు గడ్డి మొలవగానే తోర్లైవ్ రంపం తీసుకుని ఇంటి పడమటి గోడ కోయడం మొదలుపెట్టాడు. బల్ల మీద కూర్చున్న మనిషి కళ్ళకి సరిగ్గా ఎదురుగా, సముద్రం వైపు, జావకుండ మూతంత కంత. ఇరుగుపొరుగులు చేరి నవ్వారు.

"పొగ పైకి కదా పోయేది, గోడకెందుకు కంత?" అన్నారు.

"పొగకి కాదు" అన్నాడు తోర్లైవ్.

"మరేమిటిది?"

"గాలికన్ను" అన్నాడు. ఆ మాట ఆయన అనగా అందరూ అదే మొదటిసారి వినడం.

మరుసటేడుకి పదకొండు ఇళ్ళ గోడలకీ కంతలున్నాయి. తర్వాత వాటికి తలుపులొచ్చాయి, ఎంతో కాలానికి అద్దాలొచ్చాయి. దీన్నే ఎండ దేశాల్లో గవాక్షమని, అంటే ఆవు కన్నని, అన్నవాళ్ళూ ఉన్నారట. ఇక్కడివాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆస్లాక్ మాటే అంటారు, ఇల్లు ఊడుస్తూ, పిల్లల్ని కేకేస్తూ, చలి వేస్తోంది మూసెయ్యమంటూ, రోజుకి పదిసార్లు.

తోర్లైవ్ బతికున్నన్నాళ్ళూ పొద్దున్నే ఆ కంత ముందు కూర్చుని జావ తాగేవాడు. కన్ను వచ్చి ఎదురుగా ఆగేది. పొగ ఇటు రాదు కాబట్టి దానికి నీళ్ళు కారే పని లేదు. అయినా రోజూ ఒక చుక్క ఆయన గిన్నెలో పడేది.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగేది గున్‌వోర్ పొయ్యి దగ్గర్నుంచి.

"ఎక్కువైంది" అనేవాడు తోర్లైవ్ కన్ను వైపే చూస్తూ. అని, అడుగు దాకా తాగేవాడు.